ముప్ఫై సెకన్ల సీనియారిటీ

ప్రాచీన దస్త్రాల పరిరక్షణ కార్యాలయంలో మూడేళ్ళ కిందట ఒక చిన్న అగ్నిప్రమాదం జరిగింది. ఎవరో టీ కాచుకోడానికి పెట్టుకున్న హీటరు తీగ అంటుకుని తొమ్మిది దస్త్రాలు కాలిపోయాయి. ఆర్పడానికి వచ్చిన ఫైరింజను నాలుగువేల దస్త్రాలను తడిపేసి పోయింది. వాటిని మేడ మీద ఆరబెడితే మూడొందలు గాలికి ఎగిరి రోడ్డు మీద పడ్డాయి. అందులో కొన్నిటిని ఆవులు తిన్నాయి. విచారణ సంఘం అంతా కూలంకషంగా పరిశీలించి, దస్త్రాలకు నిప్పు కంటే నీళ్ళే ఎక్కువ ప్రమాదమని తేల్చింది. ఈసారి చుక్క నీళ్ళు లేకుండా మంట ఆర్పే ఏర్పాటు కావాలని పైవాళ్ళు నిర్ణయించారు.

నిర్ణయం జరిగిన ఏడాదిన్నరకు ఇరవైనాలుగు ఎర్ర సిలిండర్లు లారీలో దిగాయి. వాటిని వెనక గదిలో వరసగా నిలబెట్టి, అక్కణ్ణించి గొట్టాలు లాగి, హాలు కప్పు పొడుగునా చిన్న చిన్న మూతులు బిగించారు. సిలిండర్లలో ఉన్నది కార్బన్ డయాక్సైడ్. సోడా కొడితే బుస్సుమనేది అదే. పని పూర్తయ్యాక ఇంజనీరు డేనియల్ సిబ్బందినంతా కూర్చోబెట్టి వివరించాడు.

"పొగ కనబడగానే అలారం మోగుతుందండి. మోగిన ముప్ఫై సెకన్లకు గ్యాస్ వస్తుంది. గదిలో గాలినంతా తోసేస్తుంది. మంట ఊపిరాడక చస్తుంది. కాగితం మీద చుక్క తడి పడదు."

జాయింట్ డైరెక్టరు సదాశివ పట్నాయక్ గారు తృప్తిగా తలాడించారు.

"మరి గదిలో మనుషులుంటే?" అన్నాడు వెనక వరసలోంచి రికార్డు అసిస్టెంటు పైడిరాజు.

"వాళ్ళూ అంతే. రెండు మూడు గుక్కల్లో పడిపోతారు. మనుషులు కూర్చునే చోట ఇది పెట్టకూడదని నేను ముందే రాసి ఇచ్చానండి. పెట్టాక ఇంక దారి ఒక్కటే. మీరు లోపలున్నంతసేపూ ఈ తాళం వేసి గ్యాస్ ఆపెయ్యండి. సాయంత్రం అందరూ వెళ్ళాక తీసెయ్యండి."

ఆ హాల్లో పంతొమ్మిది మంది ఉద్యోగులు కూర్చుంటారు. వేరే గదులు లేకపోలేదు గాని వాటి కప్పులు కారుతాయి. కప్పులు బాగుచేయించే ఫైలు కూడా తడిసిన నాలుగువేలలో ఉంది.

పట్నాయక్ గారు గొంతు సవరించుకున్నారు. "చూడండి మిస్టర్ డేనియల్. గత ప్రమాదం ఏ వేళ సంభవించింది? పనివేళల్లో. అనగా ప్రమాదానికి అవకాశం గల సమయం పనివేళలే. సదరు సమయంలోనే పరిరక్షణ వ్యవస్థను స్తంభింపజేస్తే ఇక దాని ప్రయోజనం ఏమిటి? ఇది దస్త్రాల పరిరక్షణ పథకం. సిబ్బంది పరిరక్షణ దీని పరిధిలోకి రాదు."

అంటూ తాళంచెవి తీసుకుని తన సొరుగులో పెట్టుకున్నారు. ఆ తాళంచెవిని మళ్ళీ ఎవరూ చూడలేదు.

 డేనియల్ అందరినీ తలుపు దగ్గరికి తీసుకెళ్ళి, బయట గోడకున్న పసుపుపచ్చ మీట చూపించాడు. ఎవరైనా లోపల చిక్కుకుపోతే దాన్ని నొక్కి పట్టుకోవాలనీ, పట్టుకున్నంతసేపూ గ్యాస్ రాదనీ, చెయ్యి తీసిన మరుక్షణం వస్తుందనీ చెప్పాడు. మీటను నొక్కే అధికారం ఏ స్థాయి అధికారికి ఉండాలో తరవాత నిర్ణయిస్తామన్నారు పట్నాయక్ గారు. గ్యాసు బయటికి పోకుండా వెనక తలుపును ఇటుకలతో మూసేశారు కాబట్టి ఉన్నది ఈ ఒక్క తలుపే. దాని రెండు రెక్కల్లో ఒకదాని వెనక బీరువా ఉండడంతో తెరుచుకునేది ఒక రెక్కే.

"సిలిండర్లు కట్టేసి, ఉత్తి అలారం ఒకసారి మోగిస్తాను. ఎంతసేపట్లో బయటపడతారో చూద్దాం," అన్నాడు డేనియల్.

మోగించాడు. పంతొమ్మిది మందీ పద్నాలుగు సెకన్లలో బయట పడ్డారు. డేనియల్ ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టాడు. ఇంకెవరూ కొట్టలేదు. ఎందుకంటే అందరికంటే ముందు బయటికొచ్చినవాడు రికార్డు అసిస్టెంటు పైడిరాజు. ఆఖరున, ఒక కాలికి చెప్పు లేకుండా వచ్చినవారు జాయింట్ డైరెక్టరు గారు.

పైడిరాజు చేసిన పాపం ఏమీ లేదు. అతని స్టూలు తలుపు పక్కనే ఉంది. వయసు నలభై నాలుగు. అదే ఆఫీసులో అటెండరుగా పనిచేసిన తండ్రి ఉద్యోగంలో ఉండగానే పోతే, ఆ కారుణ్య నియామకం కోసం పన్నెండేళ్ళు ఇదే తలుపు చుట్టూ తిరిగాడు. తీరా చేరి మూడేళ్ళయింది. అందువల్ల జుట్టు నెరిసినా ఆఫీసులో అందరికన్నా జూనియరు అతనే.

మర్నాడు పట్నాయక్ గారు పిలిపించారు. "ఏమోయ్ పైడిరాజూ, నిన్న నీకు తొందరెక్కువైనట్టుంది."

"తలుపు దగ్గరున్నాను సార్. గంట మోగింది. లేచాను."

"లేవడం తప్పు కాదు. గడప దాటడానికి ముందు వెనక్కి తిరిగి చూశావా? ఎంతమంది పైఅధికారులు లోపల మిగిలిపోయారో లెక్కించావా? ఇది ఆఫీసోయ్, బస్టాండు కాదు."

 వారం తిరగకుండా మెమో వచ్చింది. 'విషయం: అగ్నిప్రమాద సందర్భమున కార్యాలయ సిబ్బంది నిష్క్రమణ – క్రమశిక్షణ పాటించుట – సూచనలు జారీచేయుట గురించి.' ఇకమీదట అలారం మోగినప్పుడు సిబ్బంది యావన్మందీ సీనియారిటీ జాబితా ప్రకారం వరసగా నిలబడి, ఒకరి తరవాత ఒకరుగా, హుందాగా నిష్క్రమించాలి. జూనియరు ఎవరూ సీనియరు కంటే ముందు గడప దాటరాదు. దాటినచో సర్వీసు రిజిస్టరులో నమోదు చేయబడును. జాబితా వెనక జతచేసి ఉంది. ఒకటో నెంబరు పట్నాయక్ గారు. పంతొమ్మిదో నెంబరు పైడిరాజు. తలుపు పక్కన కూర్చున్న పైడిరాజు అలారం మోగగానే ముందుగా హాలు చివరిదాకా లోపలికి నడిచి వెళ్ళి, వరస తోక దగ్గర నిలబడాలని ఒక ప్రత్యేక సూచన కూడా ఉంది.

పైడిరాజు దాన్ని రెండుసార్లు చదివి, అర్థమయ్యాక మూడోసారి చదివాడు.

కొత్త పద్ధతిలో రిహార్సలు, మళ్ళీ సిలిండర్లు కట్టేసే, శుక్రవారం జరిగింది. అలారం మోగింది. పైడిరాజు లేచి గబగబా లోపలికి పరిగెత్తాడు. పట్నాయక్ గారు బల్ల కింద చెప్పులు వెతుక్కుని, తొడుక్కుని, తొమ్మిదో సెకనుకు గడప దాటారు. సూపరింటెండెంటు భానోజీరావు గారు పద్నాలుగో సెకనుకు దాటారు. అక్కడితో వరస ఆగింది.

తలుపు దగ్గర సీనియర్ అసిస్టెంట్లు మార్కండేయులు, త్రినాథరావు భుజం భుజం ఆనించి నిలబడి ఉన్నారు. ఇద్దరూ ఇరవై రెండేళ్ళ కిందట ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. తాను పదిన్నరకు సంతకం పెట్టానంటాడు మార్కండేయులు. సెలక్షను జాబితాలో తన పేరే పైన ఉందంటాడు త్రినాథరావు. వీరిలో ఎవరు సీనియరన్న కేసు తొమ్మిదేళ్ళుగా ట్రిబ్యునల్లో ఉంది. తుది తీర్పు వచ్చేదాకా ఏ విషయంలోనూ ఒకరిని మరొకరికి ముందు ఉంచరాదని మధ్యంతర ఉత్తర్వు కూడా ఉంది. అందుకని హాజరు పుస్తకంలో ఇద్దరి పేర్లూ ఒకే గీత మీద రాస్తారు. స్వీపరు నరసమ్మ రెండు చేతులా రెండు టీ గ్లాసులు పట్టుకుని, ఒకేసారి ఇద్దరి ముందూ పెడుతుంది. ఇదంతా చూసి వాళ్ళిద్దరికీ పడదనుకుంటే పొరపాటు. ఇరవై రెండేళ్ళుగా మధ్యాహ్నం ఒకే బల్ల మీద క్యారేజీలు విప్పుకుని కూరలు పంచుకు తింటారు. పోరాటమంతా కాగితం మీదే.

"తమరు దయచెయ్యండి," అన్నాడు మార్కండేయులు.

"అబ్బే, నేను ముందు వెడితే కోర్టుధిక్కారం అవుతుంది. తమరే దయచెయ్యండి," అన్నాడు త్రినాథరావు.

"నేను వెళ్ళినా అంతే కదండీ."

నాలుగో నిమిషం దాకా చూసి డేనియల్ అలారం ఆపేశాడు. "ఇది గనక నిజమైతే," అన్నాడు నుదురు తుడుచుకుంటూ, "పదిహేడు మంది పోయారండి."

"ఆ కోణంలో చూడకండి. మొదటి ఇద్దరి విషయంలో రిహార్సలు సంపూర్ణంగా విజయవంతమైంది," అన్నారు పట్నాయక్ గారు. నివేదికలో అలాగే రాశారు. డేనియల్ సామాను సర్దుకుని మధ్యాహ్నం బండికే వెళ్ళిపోయాడు.

పైడిరాజు ధైర్యం చేసి, ఇద్దరూ పక్కపక్కనే ఒకేసారి గడప దాటితే ఎలా ఉంటుందని సూపరింటెండెంటు గారిని అడిగాడు. ఆయన దాన్ని ప్రభుత్వ న్యాయవాది అభిప్రాయానికి పంపారు. రెండు నెలలకు జవాబు వచ్చింది. తెరుచుకునే రెక్క వెడల్పు రెండున్నర అడుగులు. సదరు ఉద్యోగులిద్దరూ పక్కకు తిరగక తప్పదు. అట్లు తిరిగినప్పుడు ఒకరి భుజమో, ఉదరమో రెండోవారి కంటే ముందు గడప దాటే అవకాశం మెండు. ఇది మధ్యంతర ఉత్తర్వు స్ఫూర్తికి విరుద్ధం. కావున తీర్పు వెలువడేవరకు వారిరువురూ ఉన్నచోటనే ఉండుట శ్రేయస్కరం.

వారిరువురూ గుమ్మంలో ఉన్నచోటనే ఉంటే, వారికి జూనియర్లయిన తక్కిన పదిహేను మంది లోపల ఉండక తప్పదు. ఈ సంగతి భానోజీరావు గారు పై అధికారి దృష్టికి తెచ్చారు. పట్నాయక్ గారు మానవతా దృక్పథంతో ఆలోచించి, ముప్ఫై సెకన్లు దాటాక వంతు వచ్చే సిబ్బంది తమ వంతు వచ్చేవరకు ఊపిరి బిగబట్టి ఉండాలని ఆదేశించారు. అందుకు తగిన శిక్షణ కోసం ప్రతి సోమవారం ఉదయం ఒక యోగా మాస్టారిని కూడా ఏర్పాటుచేశారు. ఎవరికెంత వ్యవధి కావాలో జాబితా పక్కన ఒక కొత్త గడి గీశారు. పైడిరాజు గడిలో 'తీర్పు వచ్చువరకు' అని ఉంది.

"ఏటండీ ఇది?" అంది ఆ రాత్రి భార్య నీలవేణి, చొక్కా జేబులో దొరికిన కాగితం పట్టుకుని. అతను వివరం చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె నవ్వుతూనే ఉంది, ఏదో వేళాకోళం ఆడుతున్నాడనుకుని. కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

"అయితే ఆ ఉజ్జోగం మానెయ్యండి."

"పన్నెండేళ్ళు తిరిగానే దానికోసం."

"ఇప్పుడు పోడానికా తిరిగేరు?"

 మర్నాడు పొద్దున్న పైడిరాజు పెరట్లో బకెట్టు నిండా నీళ్ళు పోసి తల ముంచాడు. నీలవేణి గోడ గడియారం తెచ్చి పక్కన కూర్చుంది. ముప్ఫై ఎనిమిది సెకన్లకు ఎర్రబడిన మొహంతో తల ఎత్తాడు. నెల తిరిగేసరికి యాభై రెండుకు వచ్చాడు. ఆపైన ఎంత ప్రయత్నించినా సాగలేదు. లెక్కపెడుతూ లెక్కపెడుతూ ఒకరోజు నీలవేణి గడియారం కింద పెట్టేసి ఏడ్చింది.

పైడిరాజు అర్జీ పెట్టుకున్నాడు. తనను వరండాలో కూర్చోనివ్వాలని ప్రాధేయపడ్డాడు. అర్జీ భానోజీరావు గారి ద్వారా పట్నాయక్ గారికీ, పట్నాయక్ గారి ద్వారా పైకీ వెళ్ళింది. రికార్డు అసిస్టెంటు రికార్డుల దగ్గరే ఉండాలని సర్వీసు నిబంధన ఉందనీ, ఎండా వానా సోకే వరండాలో అతని ఆరోగ్యం చెడే ప్రమాదం ఉందనీ సమాధానం వచ్చింది.

ఒకనాడు నరసమ్మ మెట్ల మీద కూర్చుని చీపురు కట్టుకుంటుంటే పైడిరాజు పక్కన చతికిలబడ్డాడు.

"నరసమ్మా, గంట మోగితే నువ్వేం చేస్తావు?"

"ఏటి సేస్తాను బాబూ, ఎల్లిపోతాను."

"వరసలో నీ నెంబరెంత?"

"నాకు నెంబరెక్కడిది? నాను కాంట్రాక్టోళ్ళ మనిసిని గందా. ఆ లిస్టులో నా పేరు ఎయ్యలేదు. ఎయ్యమని అడిగితే నువ్వు స్టాపు కాదన్నారు." చీపురు నేలకేసి తట్టింది. "పేరున్నోళ్ళకే ఈ తిప్పలు."

పైడిరాజు ఆ చీపురు వంక చాలాసేపు చూశాడు. జీవితంలో మొదటిసారి అతనికి ఇంకొకరి ఉద్యోగం మీద అసూయ పుట్టింది.

నిజం అలారం ఒక గురువారం పన్నెండుంపావుకు మోగింది. అసలు నిప్పేమీ లేదు. గుమాస్తా ఒకాయన ఎనభై ఏళ్ళుగా ఎవరూ విప్పని దస్త్రం కట్ట విప్పాడు. లేచిన దుమ్ము పొగలా కప్పుదాకా పాకింది. కానీ హాల్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

 పైడిరాజు కాళ్ళు అలవాటు ప్రకారం లోపలికి పరిగెత్తాయి. తోక దగ్గర నిలబడి చూస్తే, దూరంగా పట్నాయక్ గారు చెప్పులు తొడుక్కుంటున్నారు. వెళ్ళారు. భానోజీరావు గారు వెళ్ళారు. మార్కండేయులూ త్రినాథరావూ గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ళ వెనక తక్కిన పద్నాలుగు మందీ గట్టిగా ఊపిరి పీల్చుకుని బిగబట్టారు. టైపిస్టు కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అయినా ఆమె వరస తప్పలేదు. వచ్చే ఏడు ఆమెకు ప్రమోషను ఉంది.

"తమరు దయచెయ్యండి," అన్నాడు మార్కండేయులు. 

"తమరు," అన్నాడు త్రినాథరావు.

అప్పుడు తడిగుడ్డా బకెట్టూ అక్కడే వదిలేసి నరసమ్మ బీరువాల మధ్యలోంచి వచ్చింది. "తప్పుకోండి బాబూ," అంది. ఇద్దరూ చటుక్కున చెరోపక్కకూ జరిగారు. ఆమె వెళ్ళిపోయింది. ఇద్దరూ మళ్ళీ దగ్గరికి జరిగారు.

పైడిరాజు మెడలోంచి గుర్తింపు కార్డు తీసి పక్కనున్న బల్ల మీద పెట్టాడు. ఆ కార్డు కోసం తిరిగిన పన్నెండేళ్ళూ ఒక్కసారి గుర్తొచ్చాయి. గుర్తొస్తే రానిమ్మనుకున్నాడు. నరసమ్మ వదిలేసిన బకెట్టు ఎత్తుకున్నాడు. వరస పక్కనుంచి గబగబా నడిచి, "తప్పుకోండి, తడి, తడి!" అని అరిచాడు. మార్కండేయులూ త్రినాథరావూ పంచెలు పైకి పట్టుకుని చెరోపక్కకూ జరిగారు. ఇరవై నాలుగో సెకనుకు పైడిరాజు బయట ఉన్నాడు.

అక్కణ్ణించి అతను ఇంటికి పారిపోవచ్చు. పారిపోలేదు. బకెట్టు పడేసి, పసుపుపచ్చ మీట మీద రెండు బొటనవేళ్ళూ పెట్టి బలంకొద్దీ నొక్కాడు. ఇరవై ఎనిమిదో సెకను. ముప్ఫై అయింది. ముప్ఫై ఒకటి అయింది. గ్యాసు రాలేదు.

లోపల ఒక్కొక్కరే ఊపిరి వదిలి, మళ్ళీ పీల్చి, ఇంకా బతికే ఉన్నామని గ్రహించారు.

"రండి సార్! నేను పట్టుకున్నాను, రండి!" అని పైడిరాజు అరిచాడు. ఎవరూ కదల్లేదు. వరస తప్పలేదు.

పట్నాయక్ గారు చెట్టు కిందనుంచి వచ్చి అతని పక్కన నిలబడ్డారు. "ఏమోయ్, నువ్వు ఏ నెంబరు మీద బయటికొచ్చావు?"

"సార్, తాళంచెవి మీ సొరుగులో ఉంది. అది తెచ్చి తాళం వేసేస్తే గ్యాసు ఆగిపోతుంది సార్. నా చేతులు లాగేస్తున్నాయి."

"సొరుగు లోపల ఉంది. జాబితాలో నిష్క్రమణకే తప్ప పునఃప్రవేశానికి ఏర్పాటు లేదు," అన్నారు పట్నాయక్ గారు. తరవాత భానోజీరావు గారి వైపు తిరిగి, "ఈయన మీటను నొక్కుతున్నాడు. ఆ అధికారం ఎవరిదో మనం ఇంకా నిర్ణయించలేదు కదూ? నోట్ చేసుకోండి," అన్నారు. భానోజీరావు గారు నోట్ చేసుకున్నారు.

నలభై నిమిషాలు గడిచాయి. బొటనవేళ్ళు మొద్దుబారిపోతే పైడిరాజు అరచెయ్యి మార్చాడు, అదీ పోతే మోచెయ్యి ఆనించాడు. నరసమ్మ మంచినీళ్ళు తెచ్చి నోట్లో పోసింది. అతనికి కోపం వచ్చింది. భయపడ్డప్పుడు కూడా రానంత కోపం. లోపలున్నవాళ్ళ మీదా, ఆ పసుపు మీట మీదా, ఇంతసేపూ చెయ్యి తీయలేకపోతున్న తన మీదా కూడా.

"ఒక్కడు తోసుకుని రండయ్యా! ఒక్కడు!" అని గట్టిగా కేకేశాడు.

"అలా ఎలా కుదురుతుంది పైడిరాజూ," అంది లోపల్నించి ఎవరిదో నీరసమైన గొంతు.

సరిగ్గా ఒంటిగంటకు పక్క ట్రెజరీ ఆఫీసులో భోజనం గంట కొట్టారు.

హాలు హాలంతా కదిలింది. క్యారేజీల మూతలు టకటకలాడాయి. టైపిస్టు ఎకౌంటెంటును తోసుకుంది, ఎకౌంటెంటు హెడ్ గుమాస్తా కాలు తొక్కాడు. మార్కండేయులూ త్రినాథరావూ పక్కకు తిరిగి, పొట్టలు రాసుకుంటూ, రెండున్నర అడుగుల గుమ్మంలోంచి ఒకేసారి ఊడిపడ్డారు. "ఏం కూర?" "గోంగూర. మీదేమిటి?" అనుకుంటూ బాదం చెట్టు కిందికి వెళ్ళిపోయారు. పదహారు మంది, చేతుల్లో క్యారేజీలతో సహా. పెరట్లో నేర్చుకున్న అలవాటుకొద్దీ పైడిరాజు మనసులో లెక్కపెట్టాడు. పదకొండు సెకన్లు.

నరసమ్మ తలుపు సందులోంచి తొంగి చూసింది. "ఎవురూ లేరు బాబూ. తలుపు మూసేస్తున్నాను, సెయ్యి తీసెయ్."

తీసేశాడు. లోపల పెద్ద హోరు. కిటికీ అద్దాల వెనక హాలంతా తెల్లగా మంచు కమ్మినట్టయిపోయింది. దస్త్రాలలో ఒక్కటి కూడా తడవలేదు. పైడిరాజు మెట్ల మీద కూలబడి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు ఊరికే గాలి పీల్చుకున్నాడు.

మర్నాడు అతనికి మూడు అభియోగాలతో మెమో అందింది. ఒకటి, వరస తప్పి నిష్క్రమించుట. రెండు, అధికారం లేకుండా మీట నొక్కుట. మూడు, అధికారం లేకుండా మీట వదులుట. సంజాయిషీ ఇవ్వమన్నారు. పైడిరాజు ఉన్నదున్నట్టు రాశాడు. పదహారు మంది సిబ్బంది పదకొండు సెకన్లలో క్షేమంగా బయటికి రావడం కళ్ళారా చూశాననీ, అగ్నిప్రమాదం జరిగితే ఇకమీదట అలారానికి బదులు భోజనం గంట కొట్టించవలసిందిగా ప్రార్థిస్తున్నాననీ రాశాడు.

ఆ సంజాయిషీ చదివి పట్నాయక్ గారు నిర్ఘాంతపోయారు. వెంటనే అత్యవసర సమావేశం పెట్టారు. "అనగా, ఈ కార్యాలయంలో ప్రతి రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు ఏ సీనియారిటీనీ పాటించకుండా సిబ్బంది నిష్క్రమిస్తున్నారన్నమాట! కొన్ని దశాబ్దాలుగా! ట్రిబ్యునల్ ఉత్తర్వును రోజూ ఉల్లంఘిస్తూ!"

 నిష్క్రమణ క్రమం ఇకమీదట మధ్యాహ్న భోజనానికీ, సాయంత్రం ఇళ్ళకు వెళ్ళడానికీ కూడా వర్తిస్తుందని ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. లోపాన్ని వెలికితీసినందుకు పైడిరాజును అభినందించారు. మూడు అభియోగాలకు గాను సస్పెండ్ చేశారు. సస్పెన్షన్లో ఉన్నవాణ్ణి జాబితాలో ఉంచే వీలు లేదు కనక పంతొమ్మిదో నెంబరు కొట్టేశారు.

కాగితం తెచ్చి ఇచ్చినప్పుడు నీలవేణి అక్షరం అక్షరం చదివింది. "ఉజ్జోగం పోయినట్టా?"

"పోలేదు. విచారణ అయ్యేదాకా లోపలికి రాకూడదంట. రోజూ మధ్యాహ్నం వెళ్ళి గుమ్మం బయట సంతకం పెట్టి రావాలి."

"లోపలికి రాకూడదంట!" అంటూ ఆమె కాగితాన్ని కళ్ళకద్దుకుంది. ఆ పూట పాయసం వండింది.

సోమవారం ఒంటిగంటకు పైడిరాజు సంతకం పెట్టడానికి వెళ్ళాడు. నీలవేణి కట్టిచ్చిన క్యారేజీ చేతిలో ఉంది. ట్రెజరీలో గంట కొట్టారు. పట్నాయక్ గారు చెప్పులు తొడుక్కుని వచ్చారు, జీపెక్కి ఇంటికి భోజనానికి వెళ్ళారు. భానోజీరావు గారు వెళ్ళారు. మార్కండేయులూ త్రినాథరావూ చేతుల్లో క్యారేజీలతో గుమ్మంలోకి వచ్చి ఆగారు. వాళ్ళ వెనక పద్నాలుగు క్యారేజీలు ఆగాయి.

ఒకటిన్నర అయింది. పైడిరాజుకు మొదట నవ్వొచ్చింది. టైపిస్టు మొహం చూశాక జాలేసింది. లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు.

"సార్, ముందు వెళ్ళమని అనను. మీరిద్దరూ ఒక్క అడుగు వెనక్కెయ్యండి. వెనకవాళ్ళు మీకు కనబడకుండా వెళ్ళిపోతారు. పాపం ఆకలితో ఉన్నారు."

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఆలోచన ఇద్దరికీ నచ్చినట్టే కనబడింది. త్రినాథరావు వెనక్కి వెయ్యడానికి కాలు కూడా ఎత్తాడు. ఎత్తిన కాలును అలాగే ఉంచి, కాసేపు ఆలోచించి, నీరసంగా అడిగాడు.

"ఎవరు ముందు వెయ్యాలి?"

పైడిరాజు తిరిగివచ్చి మెట్ల మీద కూర్చుని క్యారేజీ విప్పాడు. నరసమ్మ పక్కన కూర్చుంది. వేడి వేడి పులుసు వాసన గుమ్మందాకా వెళ్ళింది. లోపల పదహారు మంది ఒక్కసారిగా గట్టిగా ఊపిరి పీల్చారు. ఈసారి ఎవరూ బిగబట్టలేదు.